చలికి తేలిన అక్షరాలు

ఆ ఊళ్ళో ఆమె అసలు పేరు ఓటర్ల జాబితాకు తప్ప మరెవరికీ గుర్తులేదు. మెడలో ఎల్లవేళలా కొలతటేపు వేలాడుతూ ఉంటుంది కనుక అందరికీ ఆమె టేపమ్మ. స్నానానికి వెళ్ళేటప్పుడైనా అది తీస్తుందా అని ఎవరో అడిగితే ఆమె తోడికోడలు, "తీయదు. సబ్బు ఎంత అరిగిందో కొలవాలిగా" అని జవాబిచ్చింది.

రొట్టెల బట్టీ పైనున్న రెండు గదులే వాళ్ళ కుట్టుకొట్టు. వీధిలోంచి పద్నాలుగు చెక్కమెట్లు ఎక్కి రావాలి. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, దాని వెనుక కత్తిరింపు బల్ల. లోపలి గదిలో ఇస్త్రీ బల్ల, పాత ఫ్రిజ్, ఒక అటక. ఆ అటక మీద నలభై ఏళ్ళ కొలతల పుస్తకాలు ఏడాది వారీగా తాళ్ళతో కట్టి ఉంటాయి. కత్తిరించడం, కుట్టడం టేపమ్మ పని. బొత్తాలు, కాజాలు, ఇస్త్రీ తోడికోడలివి. వచ్చినవాళ్ళతో మాట్లాడడం కూడా ఆవిడ బాధ్యతే. అన్నదమ్ములిద్దరూ కాలం చేశారు గాని, వాళ్ళ భార్యల కాపురం మాత్రం చెక్కుచెదరలేదు.

టేపమ్మకు మనుషుల కంటె ముందు వాళ్ళ బట్టలు పరిచయమవుతాయి. మోచేతులు అరిగిన చొక్కా తెచ్చినవాడు బల్లకు ఆనుకుని కూర్చునే గుమాస్తా అని, జేబు అంచు చిరిగినవాడికి తాళాల గుత్తి ఉందని, నడుము దగ్గర ఊడదీసి మళ్ళీ కుట్టించుకునే మనిషికి ఒంట్లో బాగోలేదని ఆమె చూడగానే గ్రహిస్తుంది. అడుగుల చప్పుడు కూడా అంతే. మెట్ల మీద ఎవరు వస్తున్నారో తలెత్తకుండా చెప్పగలదు. గ్రహించిన సంగతులలో ఒక్కటి కూడా ఆమె పెదవి దాటి ఎరగదు. పదహారో ఏట యూనిఫారాల కర్మాగారంలో కాలర్లు కుట్టే పనికి చేరినప్పుడు అక్కడి మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం అదే: నోట్లో గుండుసూదులు పెట్టుకుంటే పని సాగుతుంది, మాట ఆగుతుంది.

చలి ముదరడం మొదలైన వారంలో ఒకనాటి ఉదయం మెట్లమీద తేలికైన అడుగులు గబగబా వినిపించాయి. మందుల కొట్టు వాళ్ళమ్మాయి. ఇరవై ఏడేళ్ళది, అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగం. రెండు చేతులా కాగితపు సంచులు.

"టేపత్తా, నాకో రన్నర్ కుట్టిపెట్టాలి."

"రన్నరంటే పరిగెత్తేవాడు కదటే?" అంది తోడికోడలు ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని. "వాణ్ణి కుట్టడమేంటి, పట్టుకోవాలి గాని."

"అబ్బ, చిన్నత్తా! భోజనాల బల్ల మధ్యలో పొడుగ్గా పరుస్తారు చూడు, అది. బొంతలా ఉండాలి. గుండ్రటి గుడ్డబిళ్ళలతో." ఆమె ఫోనులో బొమ్మ చూపించింది. "సెలవుల్లో ఆరుగురం ఒక్క బల్ల దగ్గర కూర్చునేది ఏడాదికి ఒక్కపూటే. అందుకని ఆరుగురి పాతబట్టలూ తెచ్చా. ఒక్కొక్కళ్ళవి మూడేసి బిళ్ళలు. అమ్మకి చెప్పకండేం. ఇది అమ్మకే."

"మీ అమ్మ మసిగుడ్డలు కూడా లెక్కపెట్టుకునే మనిషి. బట్టలు పోతే తెలీదూ?"

"తెలిసేలోపు సెలవులొచ్చేస్తాయిగా. ఇదుగో, ఇవి తాతయ్యవి, ఇవి అమ్మమ్మవి, ఇది నాన్న చొక్కా, ఇది అమ్మది, ఇది పిన్నిది." ఆఖరి సంచి మాత్రం ఆమె స్వయంగా విప్పింది. చిన్న పసుపుపచ్చ గౌను, మెడచుట్టూ తెల్లటి కుచ్చు. "ఇది నా మొదటి గౌను! ఎవరి దగ్గర దొరికిందో చెప్పుకోండి. అమ్మ దగ్గర కాదు. పిన్ని పెట్టె అడుగున, కాగితంలో చుట్టి ఉంది. ఇన్నేళ్ళు దాచింది, పిచ్చి పిన్ని. అడిగితే ఇవ్వడానికి ఎంత ఏడ్చిందో!"

టేపమ్మ ఆ గౌను అందుకుంది. మెడ కుచ్చులో పదమూడు మడతలున్నాయని లెక్కపెట్టకుండానే ఆమెకు తెలుసు. కుట్టింది తనే. కుట్టించింది ఎవరో కూడా తెలుసు. ఆమె చెయ్యి గుండుసూదుల డబ్బా వైపు పోయింది.

ఇరవై ఏడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మందుల కొట్టావిడ ఒంటరిగా ఆ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ ఎడమకాలు కాస్త ఈడ్చి నడుస్తుంది. ఆవిడ గౌన్ల అంచు ఎప్పుడూ ఎడమవైపే అరుగుతుంది. తోడికోడలు అప్పటికింకా ఈ కొట్టుకు రాలేదు. మందుల కొట్టావిడ తలుపు గడియ వేసి, కుర్చీలో కూర్చోకుండానే, "టేపమ్మా, నాకు పొట్ట కావాలి" అంది.

"ఏంటమ్మగారూ?"

"దూదితో. మూడు. అయిదో నెలది, ఏడో నెలది, తొమ్మిదో నెలది. నడుముకు కట్టుకునేలా పట్టీలు పెట్టు. కూర్చుంటే జారకూడదు."

టేపమ్మ ఎందుకని అడగలేదు. అడగవలసిన పని లేకుండా మరుసటి వారమే ఆవిడ చెల్లెలు వచ్చింది. పెళ్ళికాని పిల్ల, పరీక్షలకు చదువుకుంటున్న పిల్ల. గౌను పక్కలు రెండంగుళాలు వదులు చేయమంది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఆ తరువాత అక్కాచెల్లెళ్ళిద్దరూ దూరపు ఊరికి వెళ్ళి, పాపతో తిరిగి వచ్చారు. అక్క పాపను ఎత్తుకుని వచ్చింది, చెల్లెలు సంచులు మోసుకుంటూ వెనుక వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళకు కడుపు పండిందని ఊరంతా మందుల కొట్టావిడను మెచ్చుకుంది. ఆ వారమే చెల్లెలు ఎవరికీ తెలియకుండా వచ్చి పసుపుపచ్చ గుడ్డ ఇచ్చి, పాపకు గౌను కుట్టమంది. కొలతలు అడిగితే పాపను పట్టుకున్నట్టు చేతులతో చూపించింది. ఆ చేతులు ఎంతసేపటికీ దగ్గరకు రాలేదు.

తరువాత అక్క వచ్చి కొలతల పుస్తకంలో ఆ పేజీ తన చేత్తోనే చింపి సంచిలో వేసుకుంది.

"ఈ సంగతి మా ఇంట్లో నలుగురికి తెలుసు. అయిదో మనిషివి నువ్వు. ఎప్పుడైనా బయటపడిందా, అది ఎవరి నుంచి వచ్చిందో నేను వెతుక్కోనక్కర్లేదు. పిల్ల గుండె పగిలితే ఆ పాపం నీది. తరువాత నేనేం చేస్తానో నాకే తెలీదు."

అరిచి ఉంటే టేపమ్మ మరచిపోయేదేమో. ఆవిడ ఆ మాటలను మాత్రలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటిగా, మెల్లగా చెప్పింది.

అందుకని టేపమ్మ ఇప్పుడు గౌను బల్లమీద పెట్టి, "ఎప్పటికి కావాలమ్మా?" అని మాత్రమే అడిగింది.

పని సులువైనది కాదు. పెద్ద గిన్నె మూత బోర్లించి, దాని చుట్టూ గీసి బిళ్ళలు కత్తిరించాలి. ఒక్కొక్క దానికి పైన రంగుగుడ్డ, అడుగున తెల్లగుడ్డ, నడుమ చదరంగా కోసిన దూదిపొర. బిళ్ళ లోపల నాలుగు మూలలూ అంచును తాకేలా చదరం గీసి, ఆ గీత మీద ఒక బిళ్ళను మరొకదానికి జోడించి కుడితే, గీత అవతల మిగిలిన చంద్రవంకలు రెక్కల్లా పైకి లేస్తాయి. వాటిని ఇటూ అటూ మడిచి, అంచు లోపలికి తిప్పి కుట్టాలి. అడుగున ఉన్న తెల్లగుడ్డ అప్పుడు పైకి వచ్చి, రంగుగుడ్డ చుట్టూ తెల్లటి పూరేకులు పరచినట్టు ఉంటుంది. గీత వెంట్రుకవాసి తప్పినా మూలలు కలవవు.

ఆమె జన్మంతా అరిగిన సబ్బుముక్కతోనే గీతలు గీసింది. తెల్లగుడ్డ మీద సబ్బు గీత కనపడక అవస్థపడుతుంటే తోడికోడలు బజారు నుంచి నీలిరంగు పెన్ను ఒకటి తెచ్చింది.

"ఇస్త్రీ తగిలితే చాలు, గీత పరారట అక్కా. కొట్టువాడు నా కళ్ళముందే చేసి చూపించాడు."

టేపమ్మ నమ్మక, నమూనా బిళ్ళ ఒకటి కోసి, చదరం గీసి, పక్కన ‘అ’ అని రాసి ఇస్త్రీపెట్టె ఆనించింది. గీతా పోయింది, అక్షరమూ పోయింది. ఆమె పెన్నును అటూ ఇటూ తిప్పి చూసి, "మర్యాద తెలిసిన పెన్ను" అని ఒప్పుకుంది.

పద్దెనిమిది బిళ్ళలు కోశాక, ఎవరివి ఎవరివో కలిసిపోకుండా మూడేసి చొప్పున ఆరు దొంతరలు పెట్టింది. ఒక్కొక్క దొంతర పైబిళ్ళకు అడుగునున్న తెల్లగుడ్డ అంచున, రెక్క వచ్చే చోట, గుర్తు రాసుకోసాగింది. ఆ పిల్ల పిలిచే వరసలే రాసింది. తాతయ్య. అమ్మమ్మ. నాన్న. పసుపుపచ్చ దొంతర మీద: పాప. ఆ అక్షరాలు రాస్తున్నప్పుడు, దగ్గరకు రాలేకపోయిన ఆ రెండు చేతులు ఆమె కళ్ళముందు మెదిలాయి. తక్కిన రెండు దొంతరల మీద చెయ్యి దానంతట అదే రాసేసింది.

మిషను దగ్గరకు లేవబోతూ ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

చెల్లెలి నీలం గుడ్డ అడుగున ‘అమ్మ’ అని ఉంది. అక్క ఆకుపచ్చ గుడ్డ అడుగున ‘పెద్దమ్మ’ అని ఉంది.

ఆ ఇద్దరి విషయంలో పాప నోట ఎన్నడూ రాని వరసలు అవి. రావలసిన వరసలు కూడా అవే. ఆమె రెండు బిళ్ళలనూ లాక్కుని లోపలి గదిలోకి వెళ్ళి, తోడికోడలి చేతిలోని ఇస్త్రీపెట్టె అందుకుని అదిమింది. ఆవిరి లేచింది. తెల్లగుడ్డ తెల్లగా మిగిలింది.

"ఏమైందక్కా, పొయ్యి మీద పాలు పొంగినట్టు పరిగెత్తుకొచ్చావు?"

"ఏం లేదు. తప్పు రాశాను."

మళ్ళీ ఏమీ రాయలేదు. ఇక రాయకుండానే గుర్తుంటాయి.

రన్నర్ పూర్తయింది. ఆఖరి ఇస్త్రీతో గీతలూ గుర్తులూ అన్నీ పోయాయి. బల్లమీద పరిస్తే మూడు వరుసల పూలమడి. పిల్ల దాన్ని చూసి చప్పట్లు కొట్టి, టేపమ్మ మెడ కౌగిలించుకుంది. టేపు ఇద్దరి మధ్యా నలిగింది.

"ఇంట్లో పెడితే అమ్మ కంటబడుతుంది. మూడు రోజులు కారు డిక్కీలోనే దాస్తాను."

"చెమ్మ తగలనీకు."

"చెమ్మ ఎక్కడిది అత్తా, మా కొండమీద అంతా గడ్డకట్టి ఉంది. బక్కెట్టులో నీళ్ళు కూడా రాయిలా తయారవుతున్నాయి."

భోజనం రేపనగా మధ్యాహ్నం తోడికోడలికి మోకాలి నొప్పి తిరగబెట్టింది. మంచుముక్కలు పెట్టుకోవడానికి ఆమె నాలుగు రోజుల కిందటే ఒక చిన్న సంచి తయారు చేసుకుంది. నమూనా బిళ్ళ పనికిరాకుండా పడి ఉంది కదా అని దాన్నే మడిచి మూడు వైపులా కుట్టి, ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో పెట్టింది. ఇప్పుడు దాన్ని తీసి చూసి పకపకా నవ్వింది.

"అక్కా, ఇట్రా! నీ మర్యాదస్తుడు పెన్ను తిరిగొచ్చాడు. ఇస్త్రీకి చచ్చి చలికి లేచాడు!"

టేపమ్మ వచ్చి చూసింది. చదరపు గీత నీలంగా, నిన్న గీసినట్టు ఉంది. పక్కన ‘అ’ ఉంది. ఆ అక్షరం ఆమె వైపే చూస్తున్నట్టు ఉంది.

ఆమె దాన్ని ఇస్త్రీ చేసింది. పోయింది. మళ్ళీ ఆ అరలో పెట్టి, తలుపు మూసి, ఫ్రిజ్ ముందు పీట వేసుకుని కూర్చుంది. గంట తరువాత తీసింది. ‘అ’ మొదట లేతగా, చూస్తుండగా ముదురుగా వచ్చింది.

"ఏంటక్కా, మొహం అలా పాలిపోయింది? గీతేగా."

"కొండమీదికి బస్సు ఎన్నింటికి?"

"ఈపూటది వెళ్ళిపోయింది. ఇక రేపు పొద్దున్నే. ఫోను చెయ్యరాదూ?"

ఫోను చేతిలోకి తీసుకుంది. ఏమని చెప్పాలి? తీసి వెచ్చగా పెట్టమంటే తీస్తుంది. తీస్తే చూస్తుంది. చూసిందా, అచ్చుతప్పులు ఏరే కళ్ళు అవి. ఆమె ఫోను కింద పెట్టేసింది.

మరునాడు బస్సులో ఆమె ఒడిలో సంచి, సంచిలో చిన్న ఇస్త్రీపెట్టె. కిటికీ అద్దం మీద మంచు పేరుకుంది. గోటితో గీకితే గీత పడింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. దారి పొడవునా గడ్డి తెల్లగా నిగడదన్ని ఉంది. ఆమె ఒక అబద్ధాన్ని కత్తిరించి, కొలతలు సరిచూసి, కుట్టుకుంటూ వచ్చింది. ‘పెద్దమ్మ’ అంటే పెద్దమ్మగారని. కొట్లో అక్కను పెద్దమ్మగారనీ, చెల్లెల్ని చిన్నమ్మగారనీ అంటామని. మరి నీలం బిళ్ళ మీద ‘అమ్మ’ అని ఉందే అంటే, అది ‘చిన్నమ్మ’ అని; రెక్క అంచు మడిచి కుట్టినప్పుడు ‘చిన్న’ మడతలోకి పోయిందని. ఎక్కడా పీచు లేవని, చక్కటి కుట్టు. కొండమలుపు తిరిగేసరికి తనకే నమ్మకం కుదిరింది.

ఇంటి ముందు కారు ఉంది. డిక్కీ తెరిచి ఉంది. అందులో ఏమీ లేదు.

పెరటి వైపు గదిలోంచి వేడి గుడ్డ వాసన వస్తోంది. టేపమ్మ తలుపు తోసింది. పిల్ల ఒక్కతే ఉంది. ఇస్త్రీ బల్లమీద రన్నర్ పరచి ఉంది. ఇస్త్రీ తగలని బిళ్ళలన్నిటికీ నీలి చదరాలు. అక్కడక్కడ తెల్లటి రెక్కలమీద అక్షరాలు. తాతయ్య, అమ్మమ్మ, నాన్న, పాప. ఆమె ఒక కొస నుంచి ఇస్త్రీ చేసుకుంటూ వస్తోంది. ఆ రెండు బిళ్ళలూ ఇంకా మిగిలి ఉన్నాయి.

"వచ్చారా," అంది తలెత్తకుండా. "ఇస్త్రీ చేస్తే పోతుంది కదా టేపత్తా?"

"పోతుందమ్మా. నేను చేస్తానివ్వు. అది పనికిమాలిన పెన్ను..."

"మా అమ్మని మీరు పెద్దమ్మ అంటారా?"

"పెద్దమ్మగారంటాం. కొట్లో అలవాటు. మీ పిన్ని చిన్నమ్మగారు."

"ఇక్కడ చిన్నమ్మ అని లేదే."

"ఉండాలి. అంచు మడిచి కుట్టాను కదా, ‘చిన్న’ ఆ మడతలోకి పోయింది."

పిల్ల మొదటిసారి తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని తడిగా లేవు.

"చిన్న, అమ్మ కలిస్తే చిన్నమ్మ. అందులో ‘అ’ ఉండదు టేపత్తా. ‘చిన్న’ మడతలోకి పోతే బయట మిగలాల్సింది ‘మ్మ’. మరి ఈ ‘అ’ ఎక్కణ్ణించి వచ్చింది?"

టేపమ్మ ఆ రెక్కను వేలితో తడిమింది. "నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు తల్లీ. విడివిడిగా రాసి ఉంటాను."

"పెద్దమ్మ మాత్రం కలిపే రాశారు."

గోడకు ఆవల వంటింట్లో గిన్నెల చప్పుడు, ఎవరిదో నవ్వు. ఇస్త్రీపెట్టె గుడ్డమీద ఆగి ఉంది. ఇంకొక్క క్షణమైతే మాడుతుంది. టేపమ్మ అసంకల్పితంగా చెయ్యి చాచి దాన్ని పైకెత్తింది. అంత దగ్గరగా నిలబడితే పిల్ల ఊపిరి వినిపిస్తోంది. చెప్పమని ఆ పిల్ల అడగలేదు. చెప్పనని ఈమె అనలేదు. ఎన్నో ఏళ్ళుగా దాచిన నోరు ఇప్పుడు కూడా మూసే ఉంది. అయితే ఆ మౌనాన్ని ఎదుటి మనిషి చదువుతోందని మొట్టమొదటిసారి ఆమెకు అర్థమైంది.

"ఆ గౌను కోసం పిన్ని ఎందుకేడ్చిందో అని మూడు వారాలుగా ఆలోచిస్తున్నా," అంది పిల్ల మెల్లగా. ఇస్త్రీపెట్టె తిరిగి తీసుకుని, ముందు ఆకుపచ్చ బిళ్ళ మీద, తరువాత నీలం బిళ్ళ మీద అదిమింది. రెండు మాటలూ పోయాయి. "భోజనానికి ఉండండి. వెళ్ళిపోతే అమ్మకి అనుమానం వస్తుంది." గుడ్డ మడిచి చేతిమీద వేసుకుని, ద్వారం దగ్గర ఆగింది. "సెలవులయ్యాక మీ కొట్టుకి వస్తాను. పాత కొలతల పుస్తకాలు అటక మీద ఉంటాయని చిన్నత్త చెప్పింది. నేను పుట్టిన ఏడాదిది తీసి ఉంచండి."

భోజనాల గదిలో మందుల కొట్టావిడ టేపమ్మను చూసి చేతిలోని పళ్ళెం బల్లమీద పెట్టింది.

"నిన్నెవరు పిలిచారు?"

"నేనే అమ్మా," అంది పిల్ల. ఆ ‘అమ్మా’లో ఎక్కడా బీట లేదు. "ఇది కుట్టింది టేపత్తే. నీ కోసం."

రన్నర్ పరిచారు. తాతగారు తన చొక్కా గుర్తుపట్టి మురిసిపోయారు. మందుల కొట్టావిడ తన ఆకుపచ్చ గుడ్డను వేలితో తాకింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడడం టేపమ్మకు అదే మొదలు. ఆ చెమర్చిన కళ్ళతోనే ఆవిడ పసుపుపచ్చ బిళ్ళను చూసింది. ఆ గౌను ఆవిడ ఎన్నడూ చూడనిది. చూపు మెల్లగా చెల్లెలి మీదికి, అక్కణ్ణించి టేపమ్మ మీదికి వచ్చి అక్కడే నిలిచిపోయింది. చెల్లెలు తలవంచుకుని గ్లాసుల్లో నీళ్ళు పోస్తోంది. ఆ నీళ్ళు ఒక గ్లాసు అంచు దాటి పొర్లాయి.

పిల్ల పొగలు కక్కే పులుసు గిన్నె తెచ్చి ఆకుపచ్చ బిళ్ళ మీద పెట్టింది. కూర గిన్నె తెచ్చి నీలం బిళ్ళ మీద పెట్టింది. అవి చల్లారబోతే లేచి వెళ్ళి మళ్ళీ వేడిచేసి తెచ్చి, సరిగ్గా అక్కడే పెట్టింది. అక్షరాలు లేవడానికి ఆ గది చలి చాలదని టేపమ్మకు తెలుసు; చెప్పడానికి మాత్రం వీల్లేదు.

"కూర్చోవే, కాలుగాలిన పిల్లిలా ఆ తిరగడమేంటి?" అంది ఆవిడ. "ఆ గిన్నెలు అక్కడే ఎందుకు?"

"చల్లారిందేమో, నేను తీసేస్తాను," అంటూ చెల్లెలు కూర గిన్నె మీద చెయ్యి వేసింది.

"వద్దు..." అని పిల్ల ఆగింది. సూది గుడ్డలోకి దిగి మళ్ళీ పైకి లేచేంత వ్యవధి. "వద్దు పిన్నీ. ఉండనీ."

ఆ వ్యవధిని కొలవగలిగినవాళ్ళు బల్ల చుట్టూ ముగ్గురున్నారు.

టేపమ్మ తిరిగివచ్చిన రోజే అటకెక్కి ఆ ఏడాది పుస్తకం దింపింది. చింపిన పేజీ మొదలు రంపపు పళ్ళలా మిగిలి ఉంది. చింపినది పోయిందనే ఇన్నేళ్ళూ అనుకుంది. పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, కిందిపేజీ మీద పెన్ను ఒత్తిన గంట్లు లేచి కనిపించాయి. నడుము: ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది. ముప్ఫై మూడు. పక్కన, కొట్టిపారేసినా తెలుస్తూ, ‘చిన్నమ్మాయి’.

"దీన్ని బట్టీలో పడేస్తే సరి," అనుకుంది. కింద మంట ఎప్పుడూ ఉంటుంది. పుస్తకం చంకన పెట్టుకుని పద్నాలుగు మెట్లూ దిగింది. బట్టీ నోటి ముందు నిలబడింది. రొట్టెలవాడు ఏం కావాలమ్మా అని అడిగాడు. పెట్టె అడుగున కాగితంలో చుట్టిన గౌను ఆమెకు జ్ఞాపకం వచ్చింది. ఏమీ వద్దని చెప్పి, పద్నాలుగు మెట్లూ ఎక్కి వచ్చింది.

"ఏంటక్కా, పుస్తకాన్ని షికారు తిప్పుతున్నావా?" అంది తోడికోడలు. టేపమ్మ నవ్వలేదు. నీలిరంగు పెన్నును చెత్తబుట్టలో పడేసి, పాత సబ్బుముక్క తీసి బల్లమీద పెట్టుకుంది.

సెలవులు ముగిసిన మరునాటి ఉదయం వీధి తలుపు చప్పుడైంది. మెట్ల మీద తేలికైన అడుగులు వినిపించాయి. అయితే ఈసారి అవి గబగబా రావడం లేదు; వెనుక వస్తున్న వారి కోసం ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగుతున్నాయి. టేపమ్మ మిషను ఆపి చెవి ఒగ్గింది. రెండో అడుగు బరువుగా పడుతోంది. కుడికాలు పడుతోంది; ఎడమకాలు ఈడ్చుకొస్తోంది.

అయిదు. ఆరు. ఏడు. పుస్తకం దాచడానికి ఇంకా ఏడు మెట్ల వ్యవధి ఉంది. టేపమ్మ దాన్ని కత్తిరింపు బల్ల మధ్యకు జరిపి, కిటికీ రెక్క ఒకటి మూసి, వెలుతురు ఆ పేజీ మీద ఏటవాలుగా పడేలా సవరించింది. తరువాత మెడలోని టేపు తీసి మడిచి పక్కన పెట్టింది. తలుపు గడియ తీయడానికి లేచింది.